త్రేన్పులో పోతున్న మేత: వరిగడ్డి మీద నడిచే పాడిలో మీథేన్ తగ్గించుకునే పద్ధతి, మెట్టు తర్వాత మెట్టుగా

రాత్రి మేత వేసి, కొట్టంలో అలికిడి తగ్గాక కాసేపు అక్కడే నిలబడితే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి నెమరు వేస్తున్న దవడల చప్పుడు, రెండోది నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి గేదె గొంతులోంచి మెత్తగా బయటికొచ్చే త్రేన్పు. ఆ త్రేన్పులో కార్బన్ డయాక్సైడ్‌తో పాటు మీథేన్ ఉంటుంది. వాతావరణ మార్పులను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం భారత ఉపఖండంలో ఒక గేదె ఏడాదికి సగటున 55 కిలోల మీథేన్ వదులుతుంది, అంటే రోజుకు దాదాపు 150 గ్రాములు. ఏడాది పొడుగునా పోయిన ఆ వాయువును పట్టి మండించగలిగితే నాలుగు వంటగ్యాస్ సిలిండర్లకు పైగా వేడి వస్తుంది. ఆ వేడంతా మనం కోసి, కట్టి, మోసుకొచ్చి గాడిలో వేసిన గడ్డిలోంచి, డబ్బు పెట్టి కొన్న దాణాలోంచి పోయినదే.

భూమి వేడెక్కడంలో ఈ వాయువు పాత్ర చిన్నది కాదు. నూరేళ్ల లెక్కలో ఒక కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ పట్టి ఉంచినంత వేడిని పట్టి ఉంచుతుంది. అయితే అది గాలిలో నిలిచేది దాదాపు 12 ఏళ్లే కాబట్టి, ఈరోజు తగ్గించిన దాని ఫలితం మన పిల్లలు పెద్దవాళ్లయ్యేలోపే కనిపిస్తుంది. 2019 పశుగణన నాటికి దేశంలో గేదెలు దాదాపు 11 కోట్లు, ఆవులూ ఎద్దులూ కలిపి 19 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా వరకు రెండు నుంచి పది పశువులున్న చిన్న కొట్టాల్లోనే ఉన్నాయి కనుక, మార్పు రావలసినదీ అక్కడే.

నెల్లూరు వైపు ఎనుము అన్నా, ఒంగోలు వైపు గేదె అన్నా, బర్రె అన్నా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాటి కడుపు నింపేది ఎక్కువగా ఎండు వరిగడ్డే. అందుకే ఈ పద్ధతిని వరిగడ్డి చుట్టూ అల్లాను. మెట్ల వరుసను మార్చవద్దని ముందే కోరుతున్నాను. మీథేన్ తగ్గించే పొడులు కొనడంతో మొదలుపెట్టేవారు కొందరున్నారు. పశువు పొట్టలో ఆకలితో ఉన్న సూక్ష్మజీవులకు మందు పోయడం వల్ల ఒరిగేది చాలా తక్కువ కాబట్టి ఆ పొడులకు ఇక్కడ చివరి మెట్టు మీద మాత్రమే చోటిచ్చాను.

ముందుగా పొట్టలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి

నెమరువేసే పశువు కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటిదైన రూమెన్ అన్నిటికంటే పెద్దది, ఎదిగిన పశువులో నూరు లీటర్లకు పైగా పడుతుంది. ఎడమ డొక్క మొత్తం అదే. గాలి చొరబడని ఆ చీకటి తొట్టిలో 39 డిగ్రీల వెచ్చదనంలో, ఒక్క మిల్లీలీటరు ద్రవంలోనే వెయ్యి కోట్లకు మించి బ్యాక్టీరియా, లక్షల సంఖ్యలో ప్రోటోజోవా, వేల సంఖ్యలో శిలీంధ్రాలు బతుకుతాయి. గాలి తగిలితే చచ్చిపోయే ఈ జీవులను ప్రయోగశాలలో పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ 20వ శతాబ్దం మధ్యలో రూపొందించాకే వీటి గురించి లోతుగా తెలిసింది. రూమెన్‌లో శిలీంధ్రాలున్నాయని ఇంగ్లండ్‌లో కొలిన్ ఆర్పిన్ 1975లో తేల్చారు. అంతవరకు వాటిని తోకలున్న ప్రోటోజోవా అనుకునేవారు. వరిగడ్డి మేపే మనకు ఈ శిలీంధ్రాలు మరీ ముఖ్యం, ఎందుకంటే అవి వేళ్లలాంటి పోగులను గడ్డి కాడలోకి దించి, గట్టి కణజాలాన్ని చీల్చి, బ్యాక్టీరియాకు దారి తెరుస్తాయి.

గడ్డిలోని పీచు విరిగినప్పుడు ప్రధానంగా ఎసిటిక్ ఆమ్లం, దాణాలోని పిండి పదార్థం విరిగినప్పుడు ఎక్కువగా ప్రొపియోనిక్ ఆమ్లం పుడతాయి. బ్యుటిరిక్ ఆమ్లంతో కలిపి ఈ మూడూ రూమెన్ గోడలోంచి రక్తంలోకి చేరి, పశువుకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం సమకూరుస్తాయి. ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ మిగులుతుంది, ప్రొపియోనిక్ ఆమ్లం తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ ఖర్చవుతుంది. మిగిలిన హైడ్రోజన్ పేరుకుపోతే పులియడమే ఆగిపోతుంది. అలా ఆగకుండా ఆర్కియా అనే వేరే జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చి, త్రేన్పు దారిన బయటికి పంపుతాయి. అంటే మీథేన్ తయారీ పొట్టకు పట్టిన రోగం కాదు, అక్కడి పని సాగడానికి పెట్టుకున్న ఏర్పాటు. దాన్ని పూర్తిగా ఆపాలని చూడకూడదు. హైడ్రోజన్ తక్కువ మిగిలేలా, తిన్న మేతలో ఎక్కువ భాగం పాలుగా మారేలా చూసుకోవడమే మన పని. తిన్న మేతలోని మొత్తం శక్తిలో మీథేన్‌గా పోయే భాగం మేతను బట్టి 2 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. ఈ తేడాలోనే రైతు చేయగలిగినది ఉంది.

మొదటి మెట్టు: కొట్టంలోనే పరీక్ష

మీథేన్‌ను కొలిచే యంత్రాలు పరిశోధన కేంద్రాల్లోనే ఉంటాయి. మనకు కావలసిన నాలుగు పరీక్షలకు ఒక టేపు, ఒక జల్లెడ, ఒక నోటుపుస్తకం చాలు.

పశువు బరువుతో మొదలుపెట్టండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను, భుజం ముందుభాగం నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవును అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 72, పొడవు 56 అంగుళాలున్న గేదె దాదాపు 440 కిలోలుంటుంది. దానికి రోజుకు 11 నుంచి 13 కిలోల ఎండు పదార్థం కావాలి. తడి లేకుండా లెక్కగట్టిన మేతను ఎండు పదార్థం అంటాం. పచ్చిగడ్డిలో అది నాలుగో వంతుకు మించి ఉండదని గుర్తుంచుకోవాలి.

తర్వాత పిడికిలి బిగించి ఎడమ డొక్క గుంతలో మెల్లగా ఒత్తి పట్టుకోండి. లోపల ఏదో బరువైనది పొర్లినట్టు ఒక అల వచ్చి పిడికిలిని బయటికి నెట్టి వెళ్తుంది. నిమిషానికి ఒకటి రెండు అలలు వస్తే రూమెన్ కదలిక బాగున్నట్టే. అల రాకపోయినా, నీళ్ల కుండ కదిలించినట్టు గలగలమన్నా ఆ రోజు దాణా ఆపి పశువైద్యుణ్ణి పిలవాలి. పడుకున్న పశువు ఒక ముద్దను 50 నుంచి 60 సార్లు నమిలి మింగుతుంటే, మేత తర్వాత గంటా రెండు గంటల్లో మందలో సగానికి పైగా నెమరు వేస్తుంటే లోపల పని సవ్యంగా ఉన్నట్టే.

మూడోది పేడ పరీక్ష. నేను దీన్ని అన్నిటికంటే ఎక్కువగా నమ్ముతాను. అప్పుడే వేసిన పేడను రెండు పిడికిళ్లు తీసి, సన్న కన్నాల జల్లెడలో వేసి, కుళాయి కింద నీళ్లు తేటగా దిగేదాకా కడగండి. జల్లెడలో మిగిలినది చూస్తే లోపలి కథంతా తెలుస్తుంది. అరంగుళం మించిన గడ్డి పోచలు నిండుగా కనిపిస్తే పీచు విరిచే సూక్ష్మజీవులకు బలం చాలడం లేదు. మొక్కజొన్న పలుకులు పసుపు రంగు పోకుండా కనిపిస్తే గింజ ముతకగా ఉంది, లేదా దాణా ఒకేసారి ఎక్కువగా పడి నిలవకుండా దిగిపోయింది. జిగురు తెరలు కనిపిస్తే పులియవలసినది పొట్టలో పులియక పేగుల్లో పులుస్తోంది. వారానికి ఒకసారి ఒకే పూట చేసి, చూసింది చూసినట్టు రాసుకోండి.

నాలుగోది, రోజూ పోసే పాల లీటర్లు, వెన్న శాతం, వేసిన దాణా కిలోలు. పాల కేంద్రం చీటీని పారేయకుండా పుస్తకంలో అంటిస్తే సరిపోతుంది.

రెండో మెట్టు: వరిగడ్డికి నత్రజని

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే చేయగలనంటే ఇదే చేయమంటాను. వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. పీచు విరిచే బ్యాక్టీరియా పెరగడానికి మేత మొత్తంలో కనీసం 7 శాతమైనా కావాలి. పైగా వరిగడ్డిలో సిలికా ఎక్కువ. వట్టి గడ్డి తిన్న గేదె పొట్టలో సూక్ష్మజీవులు మాంసకృత్తులకు మూలమైన నత్రజని కోసం ఆకలితో ఉంటాయి, గడ్డి రోజుల తరబడి కదలదు, కడుపు నిండినట్టుంటుంది కాబట్టి పశువు ఇంకా తినదు. ఉన్న కొద్ది మేత నిదానంగా పులిసి మీథేన్ వదులుతూనే ఉంటుంది, పాలు మాత్రం రావు. లీటరు పాలకు పడే మీథేన్ భారం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఈ స్థితిలోనే.

యూరియాతో గడ్డిని మాగబెట్టడం దీనికి విరుగుడు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి. మెరక నేల మీద టార్పాలిన్ పరిచి, జానెడు మందాన గడ్డి వేసి, పూలకుండీల క్యానుతో ద్రావణాన్ని సమంగా చల్లి, కాళ్లతో తొక్కి, దాని మీద మరో పొర వేయాలి. పొరల మధ్య గాలి మిగిలితే బూజు పడుతుంది కాబట్టి తొక్కడంలో బద్ధకించవద్దు. చివరగా టార్పాలిన్ కప్పి, అంచులన్నీ మట్టితో మెత్తి, 21 రోజులు కదిలించకుండా ఉంచాలి. లోపల యూరియా అమ్మోనియాగా మారి, కాడలోని పీచుకూ, దాన్ని గట్టిపరిచే లిగ్నిన్‌కూ మధ్య ఉన్న బంధాలను సడలిస్తుంది.

మూడు వారాల తర్వాత ఒక అంచు తీయగానే ఘాటు కళ్లకు కొట్టి నీళ్లు కారతాయి. ఆ ఘాటు రాకపోతే ఎక్కడో కప్పు చిరిగి గాలి పోయిందన్నమాట. పాలిపోయిన గడ్డి కొత్త బెల్లం రంగుకు తిరిగి, విరిస్తే పుటుక్కుమనకుండా మెత్తగా వంగుతుంది. ఆ పూటకు కావలసినంత తీసి, గంటసేపు ఆరబెట్టి, మొదటి రోజు కిలో మాత్రమే వట్టి గడ్డిలో కలిపి వేయండి. పది రోజుల్లో పూర్తి మేతకు పెంచవచ్చు. మాంసకృత్తుల శాతం 7, 8కి చేరుతుంది, పశువు తినే పరిమాణం పెరుగుతుంది, జల్లెడలో పొడవు పోచలు తగ్గుతాయి.

జాగ్రత్తల్లో రాజీ వద్దు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు. యూరియా నీళ్లు కలిపిన బకెట్‌ను పశువుకు అందేచోట వదలకూడదు. 21 రోజులు ఆగలేక యూరియా నీళ్లు చల్లి అప్పుడే మేపితే పశువు ప్రాణం మీదికొస్తుంది. వణుకు, కడుపుబ్బరం, నురగ కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.

నెల్లూరు డెల్టాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుఫానులో తడిసి నల్లబడిన గడ్డిని యూరియాతో బాగుచేయలేం. బూజు విషాలు పాలలోకి కూడా దిగుతాయి కనుక దాన్ని ఎరువుగా మార్చడమే మేలు. పొలంలో తగలబెట్టడం మాత్రం ఎప్పుడూ దారి కాదు.

మూడో మెట్టు: కాయధాన్యపు పచ్చిమేత

వరి కోసిన మాగాణిలో పిల్లిపెసర, జనుము చల్లడం మన పెద్దలకు అలవాటైన పనే, ఇప్పుడు చాలాచోట్ల వదిలేశాం. రూమెన్ దృష్టితో చూస్తే దానికి సాటి వచ్చేవి తక్కువ. వరిగడ్డిలో లేని నత్రజని, ఖనిజాలు ఈ పచ్చిమేతలో ఉంటాయి, త్వరగా అరుగుతుంది, పైగా పొలానికి బలం. అలసంద, లూసర్న్, హెడ్జ్ లూసర్న్, అవిశ ఆకు కూడా ఇదే పని చేస్తాయి. సూపర్ నేపియర్ గడ్డి వేసిన వారు ముదరనివ్వకుండా 45 నుంచి 60 రోజుల మధ్యలో కోయాలి. ముదిరిన కాడలో లిగ్నిన్ పెరిగి, అరిగేది తగ్గిపోతుంది.

ప్రకాశం జిల్లా మెట్టలో కాగితపు గుజ్జు కోసం వేసిన సుబాబుల్ తోటలు చాలా ఉన్నాయి. దాని ఆకులో మాంసకృత్తులు మెండు, మీథేన్‌ను కొంత తగ్గించే టానిన్లూ (వగరు పదార్థాలు) ఉన్నాయి. అయితే మిమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులకు వెంట్రుకలు రాలి, గొంతు వాచేది, హవాయి దీవుల్లో అదే ఆకు తిన్న మేకలకు ఏమీ అయ్యేది కాదు. ఆ తేడా పొట్టలోని సూక్ష్మజీవుల్లో ఉందని గమనించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్, హవాయి మేకల రూమెన్ జీవులను 1980లలో ఆస్ట్రేలియా పశువులకు చేర్చగా వాటికీ విషం అంటలేదు. విషాన్ని విరిచే ఆ బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు మీదే సినర్జిస్టెస్ జోన్సియై అని పేరు పెట్టారు. ఒక పశువు పొట్టలోని జీవులు ఇంకో పశువుకు బతుకునిచ్చిన ఈ ఉదంతం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. మన రైతు దీని నుంచి తీసుకోవలసినది, సుబాబుల్ ఆకును మేతలో మూడో వంతు లోపే ఉంచి, కొద్దికొద్దిగా అలవాటు చేయడం. అప్పుడు ఆ పని చేసే జీవులు పొట్టలో పెరగడానికి వ్యవధి దొరుకుతుంది.

దర్శి, పొదిలి, కనిగిరి వైపు వాన ఎగ్గొట్టిన ఏడు పచ్చజొన్నతో నాము, అంటే జొన్న విషం, తగులుతుంది. బెట్టకు వాడిన లేత జొన్నను, కోసిన మోడు మీద మొలిచిన పిలకలను మేపకూడదు. పూత వచ్చాక కోయాలి, బెట్టకు వచ్చిన చేనైతే నీరు పెట్టి కొన్నాళ్లు ఆగాలి.

నాలుగో మెట్టు: దాణా ఎంత, ఎలా

పిండి పదార్థం పెరిగితే ప్రొపియోనిక్ ఆమ్లం పెరిగి మీథేన్ తగ్గుతుందని పైన చెప్పాను. అది విని దాణా కుమ్మరిస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. బంధువుల పెళ్లిలో మిగిలిన అన్నం రెండు గంపలు తెచ్చి, పారేయడం ఎందుకని రాత్రి రెండో ఈత గేదె ముందు పెట్టాం. తెల్లారేసరికి అది గాడి వైపు తల తిప్పలేదు. ఎడమ డొక్క నొక్కితే నీళ్ల తిత్తిలా కదిలింది, పేడ బూడిద రంగులో పలచగా పడి పుల్లటి వాసన కొట్టింది, కళ్లు లోతుకు పోయాయి. పశువైద్యుడు నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించి, వంటసోడా ఇప్పించి, పక్క కొట్టంలోని ఆరోగ్యమైన పశువు రూమెన్ ద్రవాన్ని గొట్టంతో పోసి బతికించారు. ఆ ఈతకు పాలు మళ్లీ పూర్తిగా రాలేదు.

అన్నంలాంటి సులువుగా పులిసే పిండి ఒక్కసారిగా పడితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా గంటల్లో పెరిగిపోయి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. రూమెన్ పులుపు పెరిగి, ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కంటే కిందికి జారితే పీచు విరిచే జీవులు చనిపోతాయి. మీథేన్ తగ్గడం నిజమే, కానీ దాంతో పాటు పశువూ పోతుంది. పుల్లబడిన గంజి, కుడితి విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి.

గేదె ఒళ్లు నిలబడడానికి ఒక కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా లెక్క. ఆవుకైతే రెండున్నర లీటర్లకు ఒక కిలో చాలు. అయిదు లీటర్లు ఇచ్చే 440 కిలోల గేదెకు ఆరు కిలోల ఎండు గడ్డి, 20 కిలోల పచ్చిమేత, మూడున్నర కిలోల దాణా వేస్తే ఎండు పదార్థం లెక్క సరిపోతుంది. దాణాను రెండు పూటలుగా, వీలైతే మూడుగా విడగొట్టి, ముందు కొంత గడ్డి తిన్నాకే పెట్టండి. ఇంట్లో కలుపుకొనేవారు నూరు కిలోలకు మొక్కజొన్న నూక 35, వేరుశనగ లేదా పత్తిగింజల చెక్క 30, నూనె తీసిన తవుడు 20, నూనె తీయని తవుడు 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున తీసుకోవచ్చు. చెక్కకు బూజు వాసన ఉంటే ఎంత చవగ్గా వచ్చినా కొనవద్దు.

నూనె తీయని తవుడును కావాలనే చేర్చాను. కొవ్వు ప్రోటోజోవాను తగ్గిస్తుంది. ప్రోటోజోవా హైడ్రోజన్ అందిస్తాయి కాబట్టి ఆర్కియా వాటి ఒంటికి అంటిపెట్టుకుని బతుకుతాయి. అందువల్ల కొవ్వు కొద్దిగా పెరిగినా మీథేన్ తగ్గుతుంది. అయితే మొత్తం మేతలో కొవ్వు 6 శాతం దాటితే పీచు అరగడం దెబ్బతింటుంది కనుక నూనె డబ్బాతో పోసే అలవాటు చేసుకోవద్దు.

మేతను పశువు బరువుకు, పాలకు సరిపోల్చి వేసే ఈ పద్ధతినే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ సమతుల మేత కార్యక్రమంగా దేశంలోని పల్లెల్లో అమలు చేసింది. లీటరు పాలకు పడే మీథేన్ 12 నుంచి 15 శాతం దాకా తగ్గినట్టు ఆ సంస్థ ప్రకటించింది. కొత్తగా ఏ మందూ వాడకుండా వచ్చిన ఫలితం ఇది.

అయిదో మెట్టు: నిలకడ

సూక్ష్మజీవుల సమూహం కొత్త మేతకు తగ్గట్టు మారడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మేత ఏదైనా పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి, వేళ తప్పకూడదు. రోహిణి కార్తె ఎండల్లో పశువు రొప్పుతూ చొంగ కార్చినప్పుడు రూమెన్ పులుపును విరిచే లాలాజలం వృథాగా పోతుంది. అందుచేత ఆ రోజుల్లో మేతలో ఎక్కువ భాగాన్ని తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక వేసి, రోజంతా చల్లటి నీళ్లు అందుబాటులో ఉంచాలి.

ఆరో మెట్టు: దూడ

దూడ పుట్టినప్పుడు దాని రూమెన్ పని చేయదు. తల్లి నాకుడు నుంచి, తోటి పశువుల నుంచి, నేల నుంచి, మేత నుంచి సూక్ష్మజీవులు దానిలోకి చేరతాయి. పుట్టిన గంటా రెండు గంటల్లో జున్నుపాలు తాగించి, తల్లిని నాకనిచ్చి, రెండో వారం నుంచి కొద్దిగా దాణా, లేత గడ్డి నోటికి అందేలా పెడితే మూడు నెలలకల్లా రూమెన్ ఎదుగుతుంది. పాల కోసం దూడను ఎండగడితే ఆ పడ్డ ఎంతో ఆలస్యంగా చూడి కడుతుంది, అన్నాళ్లూ పాలివ్వకుండా మీథేన్ వదులుతూనే ఉంటుంది.

ఏడో మెట్టు: వట్టి రోజులు తగ్గించడం

వట్టిపోయిన గేదె కూడా త్రేన్చుతుంది. రోజుకు 150 గ్రాముల మీథేన్ వదిలే గేదె నాలుగు లీటర్లు ఇస్తే లీటరుకు 37.5 గ్రాములు పడుతుంది. మేత బాగుపడి ఎనిమిది లీటర్లు ఇచ్చి, తిండి పెరిగినందున మీథేన్ 180 గ్రాములకు చేరినా లీటరుకు 23 గ్రాములకు మించదు. మేత మెరుగుపడితే ఒక్కో పశువు వదిలేది కొంచెం పెరగవచ్చునన్న సంగతి దాచకూడదు. ఆ కొట్టంలో మొత్తం భారం తగ్గాలంటే, అవే పాలు తక్కువ పశువులతో తీయగలగాలి.

ఇక్కడ అసలు పని ఎద గుర్తించడంలో ఉంది. గేదెకు ఎద చాలాసార్లు రాత్రిపూట, అరుపు లేకుండా వస్తుంది. పడుకునే ముందు ఒకసారి, తెల్లారగానే ఒకసారి మానం, తీగలు చూసే అలవాటుంటే చాలా ఎదలు దొరుకుతాయి. ఈనిన మూడు నెలల్లోపు చూడి కట్టించి, రెండు నెలల తర్వాత పరీక్ష చేయించండి. ఈతకూ ఈతకూ మధ్య 13, 14 నెలలకు తేగలిగితే, దాణాలో ఏ మార్పుతోనూ రానంత తగ్గుదల వస్తుంది. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, వేళకు నులిపురుగుల మందు దీనికి ఆసరా.

ఎనిమిదో మెట్టు: పేడ

పొట్టలో జరిగిన పనే గాలి తగలని పేడగుంటలో మళ్లీ జరుగుతుంది. ఎండి, గాలి ఆడే దిబ్బలో మీథేన్ తక్కువ పుడుతుంది, వాన నీళ్లు నిలిచిన గుంటలో ఎక్కువ. కాబట్టి పెంటదిబ్బను మెరక మీద వేసి, కార్తీకం వానలకు ముందే పైన తాటాకులో టార్పాలినో కప్పండి. మూడు నాలుగు పశువులుంటే రోజుకు 50 కిలోల పేడ వస్తుంది. అంతే నీళ్లు కలిపి పోస్తే రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు నడిచి, నలుగురైదుగురి ఇంటికి వంట జరుగుతుంది. గ్యాస్ ఎక్కువైందని గాలిలోకి వదిలితే చేసిన మేలంతా పోతుంది, పొయ్యి వెలిగించి కాల్చాల్సిందే. గొట్టాల అతుకులకు నెలకోసారి సబ్బు నురగ రాసి కారుతున్నాయేమో చూసుకోవాలి. ప్లాంటులోంచి వచ్చిన రొచ్చును గానీ, బాగా మాగిన ఎరువును గానీ వరి మడిలో వేయండి. పచ్చి పేడను నిలువ నీటిలో వేస్తే మడిలో కూడా మీథేన్ పెరుగుతుంది.

తొమ్మిదో మెట్టు: మీథేన్ తగ్గించే పదార్థాలు

పై ఎనిమిదీ కుదిరాక వీటి గురించి ఆలోచించవచ్చు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లున్న మొక్కల పదార్థాలతో హరిత్ ధార అనే మేత పదార్థాన్ని తయారుచేసింది. దానితో మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించింది. మనం పారేసే చింతగింజల పొట్టులో కూడా ఇలాంటి టానిన్లు ఉన్నాయి. అయితే టానిన్ మోతాదు మించితే మాంసకృత్తులు అరగక పాలు తగ్గుతాయి, అందుకని చింతపొట్టును సొంత అంచనాతో దాణాలో కలపవద్దు. 2022లో ఐరోపా సమాఖ్య అనుమతించిన 3-నైట్రాక్సీప్రొపనాల్, ఆర్కియా మీథేన్ తయారుచేసే చివరి ఎంజైమును అడ్డుకుని పాడి ఆవుల్లో దాదాపు 30 శాతం తగ్గిస్తుంది. అయితే అది త్వరగా విరిగిపోతుంది కాబట్టి రోజంతా కలగలిపిన మేత తినే పెద్ద డెయిరీలకు నప్పినంతగా, పూటకొక మేత వేసే మన కొట్టానికి నప్పదు. నైట్రేట్ కూడా హైడ్రోజన్‌ను లాగేసుకుంటుందని చదివి ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు, రక్తం ప్రాణవాయువును మోయలేక పశువు నిలువునా కూలిపోతుంది.

పొడి ఏదైనా వాడదలిస్తే పశువైద్యుడి సలహాతో ఒకటి రెండు పశువులకే మొదలుపెట్టి, మిగతావాటిని పాత మేత మీదే ఉంచండి. ముందు వారం, రెండు నెలల తర్వాత వారం, రెండింటి పాలు, వెన్న, దాణా లెక్కలను పక్కపక్కన రాసి, అదే పూట తీసిన రెండు పేడలను రెండు జల్లెడల్లో కడిగి, ఎండలో ఆరబెట్టి, మిగిలిన పీచును తూచండి.